బొంతకు పడే మిషను

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన మూడో ఏట, జూన్ నెలలో, నన్ను జహీరాబాద్ ఏరియాకి సర్వీస్ సూపర్‌వైజర్‌గా వేశారు. అప్పటికి కుట్టు మిషన్ల కంపెనీలో నా ఉద్యోగం ముప్పై ఏళ్ళకు దగ్గరపడింది. తెనాలిలో మెకానిక్‌గా చేరి, సీనియర్ మెకానిక్‌నై, తల నెరిశాక సూపర్‌వైజర్‌నయ్యాను. ఈ హోదా బయటివాళ్ళకి అంతుపట్టదు కాబట్టి కాస్త వివరించాలి. మా కంపెనీలో సేల్స్ వాళ్ళు వేరు, సర్వీస్ వాళ్ళు వేరు. సేల్స్ వాళ్ళు మిషనును షాపు గుమ్మం దాటించి చేతులు దులుపుకుంటారు. ఆ తరువాత దాని బాగోగులన్నీ మా నెత్తిన పడతాయి. చెడినదాన్ని మెకానిక్ బాగుచేస్తాడు. అది ఎందుకు చెడిందో తేల్చడం సూపర్‌వైజర్ పని.

నాకు ఇంకో పని కూడా ఉండేది. మొదటిసారి మిషను కొనేవాళ్ళెవరైనా మామూలు బట్టలు కాక వేరే ఏదైనా కుడతామంటే, డీలరు మాకు కబురు పెట్టాలి. మేం వెళ్ళి, వాళ్ళు చేసే పని కళ్ళారా చూసి, ఏ మోడల్ నప్పుతుందో చెప్పాలి. కంపెనీ భాషలో దాన్ని సూటబిలిటీ విజిట్ అంటారు. మా మెకానిక్‌లు పెళ్ళిచూపులు అనేవాళ్ళు. చూసి ఇచ్చిన మోడల్ నప్పకపోతే నెలలోపు తిరిగిచ్చేయవచ్చు, లేదా ఒక్కసారి మార్చుకోవచ్చు. రెండోసారి మార్పు ఉండదు.

జహీరాబాద్‌లో మా డీలరు ఖలీల్ భాయ్. పాత బస్టాండు వెనక సందులో తండ్రి నాటి షాపు. బొంబాయి వైపు పోయే లారీల హోరులో బేరం వినపడదని షట్టరు సగానికి దించి మాట్లాడేవాడు. మనిషి మంచివాడు. కాకపోతే కొత్తగా ఏ మోడల్ వస్తే అదే లోకంలో అందరికీ మంచిదని నమ్మేవాడు. నేనేమో పాత నల్లటి ఇనుప మోడళ్ళ పక్షం. రోజూ వాదించుకునేవాళ్ళం, రోజూ అతని టీ తాగేవాణ్ణి.

ఆ వానాకాలం ఒక పొద్దున అత్తాకోడళ్ళు షాపుకి వచ్చారు. న్యాల్‌కల్ మండలంలో, కర్ణాటక సరిహద్దు ఆనుకుని ఉన్న ఒక పల్లె వాళ్ళది. కోడలి పేరు సువర్ణ, ముప్పైలోపు వయసు. అత్త పేరు శరణమ్మ. శరణమ్మ భుజం మీద మడతపెట్టిన బొంత ఉంది. ట్రాక్టర్ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో మా కోస్తా వాళ్ళెవరో చేయించుకున్నారట, ఇచ్చి పోదామని తెచ్చింది. పాత చీరలు, ధోవతులు పొరలుగా పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, మొత్తం మీద వేలెడు ఎడం కూడా లేకుండా దారం నడిపి కుట్టింది. సరిహద్దు దాటితే దీన్నే కౌది అంటారు. నేను ఆ బొంతను చేతిలోకి తీసుకుని ఒక మూల మడిచి చూశాను. నాకు మిషన్ల పిచ్చే గాని బట్టల పిచ్చి లేదు. అయినా దాన్ని కింద పెట్టబుద్ధి కాలేదు.

వాళ్ళ సంగతి సువర్ణే చెప్పింది. శరణమ్మ కంటికి పొర వచ్చింది. ఆపరేషన్ అయింది గాని, సన్నటి కుట్టు వరస ఇప్పుడు ఆనదు. సువర్ణకి చూపు బాగుంది, చెయ్యి బాగాలేదు. ఏడాది కిందట చిరాగ్‌పల్లి దగ్గర బండి జారి కుడి మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు. సూది పట్టి కాసేపు కుడితే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆ చెయ్యి అల్లం తవ్వకానికి పనికిరాదు, చెరుకు కోతకి అసలే పనికిరాదు. భర్త ఫ్యాక్టరీ క్యాంటీన్లో కాంట్రాక్టు పనివాడు. మిషనుకి సరేనన్నాడు గాని, ఇది కుదరకపోతే మళ్ళీ మిషన్ల ఊసెత్తొద్దని ముందే చెప్పాడట.

"గిది గాకుంటే నాకు ఇంకో పని లేదు సారూ," అంది సువర్ణ. "ఇంట్ల వంట చేసుకుంట కూసోవాలె. నాతోని కాదది."

అలా అంటూనే ఆమె కళ్ళు ఖలీల్ భాయ్ కౌంటర్ మీదున్న తెల్లటి ప్లాస్టిక్ మిషను మీద ఉన్నాయి. ఒళ్ళంతా మీటలు, పువ్వుల కుట్లు, ఆకుల కుట్లు, చిన్న లైటు, కాలి కింద నొక్కే మోటారు మీట. ఖలీల్ భాయ్ అప్పటికే దాని మీద ఒక పువ్వు కుట్టి చూపించాడు. ఆమె ఆ గుడ్డముక్కను చేతిలోనే పట్టుకుని ఉంది.

"సాబ్, షౌక్ తోటి వచ్చిన్రు. మీరు మల్ల ఆ నల్లదాన్ని చూపెట్టకున్రి," అని ఖలీల్ భాయ్ ముందే నన్ను బతిమాలాడు.

శరణమ్మ బొంత అంచును ఆ తెల్ల మిషను పాదం కింద పెట్టి చూపించాను. పాదం అంటే గుడ్డను పైనుంచి అదిమిపట్టే చిన్న ఇనుప ముక్క. దాన్ని ఎంత పైకెత్తినా బొంత అంచు కిందికి దూరలేదు. నెట్టి దూర్చాను. మోటారు మూలిగి ఊరుకుంది. సువర్ణ ముఖం చిన్నబోయింది. ఖలీల్ భాయ్ లారీ హారన్‌ను తిట్టినట్టు చేసి బయటికి చూశాడు.

మరుసటి వారం విజిట్‌కి వాళ్ళ ఊరు వెళ్ళాను. రెండు గదుల ఇల్లు, ముందు వెడల్పాటి వసారా. అక్కడ నేల మీద ఒక బొంత సగం పనిలో ఉంది. చేత్తో ఒక బొంత పూర్తవడానికి నెలకి పైనే పడుతుందట. శరణమ్మ దాని అంచు మీద కూర్చుని, చూపు ఆనక తడుముకుంటూ కుట్టి చూపించింది. ఇన్నేళ్ళలో రకరకాల కుట్లు చూశాను గాని ఆ పద్ధతి నాకు కొత్త. బొంతకి నాలుగు వైపులా అంచు వెంట మొదటి వరస నడుస్తుంది. మూల రాగానే తిరుగుతుంది. ఒక చుట్టు అయ్యాక దాని లోపల ఇంకో చుట్టు. అలా చుట్టుకుంటూ లోపలికి, లోపలికి పోయి నడిమధ్యలో ఆగుతుంది. ముందు అంచులు బిగిస్తే పొరలు జారవు. కుట్టే మనిషి కూర్చున్న చోటు నుంచి జరుగుతూ బొంత మీదకే ఎక్కుతుంది. చివరికి బొంత మధ్యలో కూర్చుని ముగిస్తుంది. నేను చూసినది నాలుగైదు చుట్లు పడి నడుమ ఇంకా ఖాళీగా ఉన్న బొంత. పొరల మందం కొలిచాను, దారం లావు చూశాను, వసారాలో వెలుతురు ఎటునుంచి వస్తుందో చూశాను. విజిట్ అంటే ఇంతే.

తిరిగివచ్చి ఖలీల్ భాయ్‌తో టైలర్ మోడల్ ఇమ్మన్నాను. నల్లటి ఇనుప మిషను, తిన్నని కుట్టు తప్ప మరేమీ రాదు, కాళ్ళతో తొక్కే స్టాండు. మోటారు వద్దన్నాను. ఎందుకో చెప్తాను, కొత్తగా బొంతలు కుట్టాలనుకునేవాళ్ళు అడిగితే ఇప్పటికీ ఇదే చెప్తాను. మొదట చూడాల్సింది కుట్లు ఎన్ని రకాలని కాదు. సూదికి కుడివైపున, మిషను చెయ్యి కింద ఎంత ఖాళీ ఉందో చూడాలి. బొంతలో సగం చుట్టలా ఆ ఖాళీలోంచే పోవాలి. చీర అంచు కుట్టేటప్పుడు ఈ ఖాళీ గురించి ఎవరికీ పట్టదు. బొంత దగ్గర అదే ప్రాణం. రెండోది, పాదం ఎంత పైకి లేస్తుందో చూడాలి. మూడోది బరువు. బొంత లాగితే మిషను కదలకూడదు. ఇక మోటారు సంగతి. కొత్తవాళ్ళు తప్పు చేస్తారు, చేయాలి కూడా. ఆ తప్పు నెమ్మదిగా జరిగితే కంటికి కనిపిస్తుంది. మోటారు మీద జరిగితే జానెడు కుట్టు వంకరపోయాక తెలుస్తుంది. చేత్తో చక్రం తిప్పే చిన్న మిషను చవకే గాని, దాన్ని తిప్పాల్సింది కుడిచేయి, సువర్ణకి విరిగింది అదే. కాళ్ళతో తొక్కేదైతే ఆ చెయ్యి గుడ్డ మీద ఊరికే ఆనితే చాలు.

మళ్ళీ షాపుకి వచ్చిన సువర్ణకి ఇది నచ్చలేదు. నచ్చినట్టు నటించనూ లేదు.

"మా అమ్మమ్మ ఇంట్ల మూలకు పడి ఉండేది సారూ గిట్లాంటిదే. దాని మీద కోళ్ళు కూసుంటుండె," అంది.

"అయితే ఏవమ్మా, కోళ్ళు కూర్చున్నా కదల్లేదన్నమాట. మనకి కావలసింది అదే," అన్నాను. ఖలీల్ భాయ్ నవ్వాడు గాని ఆమె నవ్వలేదు. మా మధ్య చాలాసేపు చర్చ జరిగింది. చివరికి నెల రోజులు వాడి చూసి, నచ్చకపోతే ఆ తెల్లదానికే మార్చుకుంటానని తీసుకెళ్ళింది.

మిషను బిగించిన రోజు నేనే వెళ్ళాను. నియమం ప్రకారం మెకానిక్ వెళితే చాలు. నాకు ఆ బొంత మిషను కింద ఎలా నడుస్తుందో చూడాలని కుతూహలం. తొక్కడం ఒక పూటలో వచ్చింది. పాత దుప్పటి ముక్కలు పొరలుగా వేసి తిన్నగా కుట్టించాను. ఆ ముక్కలన్నీ బాగా వచ్చాయి. తరువాత అసలు విషయం చెప్పాను. మిషను మీద బొంతను అంచు నుంచి మొదలుపెట్టకూడదు. మిషను పాదం పై పొరను కొంచెం కొంచెంగా ముందుకు తోస్తుంది. అంచులు ముందే మూసేస్తే ఆ తోసిన గుడ్డంతా పోయే దారి లేక నడుమ పొట్టలా ఉబ్బుతుంది. అందుకని పెద్ద పెద్ద కుట్లతో పొరల్ని తాత్కాలికంగా కలిపి, రెండు వైపులా చాప చుట్టినట్టు చుట్టి, నడిమధ్యలో మొదటి కుట్టు వేసి అంచులవైపు పోవాలి.

అంతవరకూ గోడకానుకుని వింటున్న శరణమ్మ అప్పుడు తలెత్తింది. "నడుమ నుంచా? నడుమనే ముందు మూసుకుంటదా నాయినా?" అని అడిగింది.

అవునన్నాను. ఆమె మళ్ళీ రెట్టించి అడిగింది. మళ్ళీ అవునన్నాను. సరే అన్నట్టు తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

రెండు వారాలకి కంప్లైంట్ వచ్చింది. సూదులు విరుగుతున్నాయి. మెకానిక్ వెళ్ళి పదహారో నంబరు తీసి పద్దెనిమిదో నంబరు సూది వేసి వచ్చాడు. నంబరు పెరిగేకొద్దీ సూది లావు. అదీ విరిగింది. మళ్ళీ వెళ్ళి కొత్త షటిల్ వేశాడు. కింది దారాన్ని తిప్పి పైదారంతో ముడివేసే భాగం అది. అయినా విరిగింది. చిత్రం ఏమిటంటే దుప్పటి ముక్కల మీద ఒక్కటీ విరగలేదు. బొంత మీద కుడితేనే విరిగేది. అదీ ఒక చోట అని లేదు.

ఊళ్ళో మాట పుట్టింది, బొంతకి మిషను పడదని. శరణమ్మ కూడా అదే అంది, కోపంతో కాదు, వాన రాదని చెప్పినట్టు మామూలుగా అంది. సువర్ణ భర్త మిషను తిరిగిచ్చేయమన్నాడు. నెల గడువు దగ్గరపడింది. ఖలీల్ భాయ్ నాకు ఫోన్ చేసి, "సాబ్, బద్‌నాం ఐతున్న. తెల్లదాన్ని ఆటోల ఏసుకొని పోత, మార్చి ఇస్త. మీరు గూడ రాన్రి," అన్నాడు.

తెల్లది ఇస్తే మోటారు నెలలో కాలిపోతుందని నాకు తెలుసు. అప్పుడు మార్చడానికి రెండో అవకాశం ఉండదు. ఆమె కథ అక్కడితో ముగుస్తుంది. ఆటోలో ఆ మిషను అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా నా మనసేం బాగాలేదు.

వెళ్ళేసరికి సువర్ణ వసారాలో బొంత ముందేసుకుని కూర్చుని ఉంది. ఏడ్చిన కళ్ళు. విరిగిన సూదులన్నీ ఒక డబ్బా మూతలో దాచిపెట్టింది, మెకానిక్ అలా చెప్పాడట. అతని మీద నాకు గౌరవం పెరిగింది. ఆ సూదుల్ని అరచేతిలో పోసుకుని చూశాను. సూది విరిగితే ముక్క మాట్లాడుతుందని మా వర్క్‌షాపులో అంటారు. షటిల్ తప్పుగా ఉంటే సూదులన్నీ ఒకేవైపు వంగి విరుగుతాయి. చెడిన మిషను ఎప్పుడూ చేసిన తప్పే చేస్తుంది. ఇక్కడ ఒకటి ఎడమకి వంగింది, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. అంటే తప్పు మిషనులో లేదు. బొంతలో ఏదో ఉంది.

బొటనవేలితో నొక్కుతూ బొంతంతా తడిమాను. అతుకుల ముడులు, కుట్టు బొడిపెలు, అన్నీ వేలికి ఒకేలా తగులుతున్నాయి. చివరి సూది విరిగిన చోట కుట్టు విప్పమన్నాను. సువర్ణ బ్లేడుతో దారం తెంపి పొరలు తెరిచింది. లోపల ఒక జొన్నగింజ, నిలువునా రెండు ముక్కలై ఉంది. కాస్త పక్కన ఇంకోటి దొరికింది. దానికి నెత్తిన గీత పడింది.

ఎలకల పని అనుకున్నాను. పాత చీరల మూట జొన్నల బస్తా పక్కన పెట్టారా అని శరణమ్మను అడిగాను.

"ఎలుక ఎందుకు పెడ్తది? నేనే పెట్టిన," అంది ఆమె.

ఉలిక్కిపడి చేతిలోని గింజను మళ్ళీ చూశాను. సువర్ణ మాత్రం ఆశ్చర్యపోలేదు. ఆ ఇంట్లో అది దీపం పెట్టినంత మామూలు సంగతి కాబట్టి సూదులకీ దానికీ సంబంధం ఉంటుందని ఆమెకి తోచనే లేదు. శరణమ్మ నాకు విడమరిచి చెప్పింది. బొంతకి కడుపు ఉంటుంది. ఆకలితో ఉన్న బొంత కప్పుకుంటే మనిషికి నిద్ర పట్టదు, చలి ఆగదు. అందుకని మూసేముందు చిటికెడు జొన్నలు లోపల పెట్టాలి. ఆమె తల్లి అలాగే చేసింది, అత్త అలాగే చేసింది. చేతికుట్టులో ఆఖరికి మూసుకునేది నడుమ. అక్కడే గింజలు పోసి కుట్టు ముగించేవాళ్ళు. ఆ తరువాత సూది దాని జోలికి పోదు కాబట్టి ఏ గొడవా ఉండేది కాదు.

"మరి మీరే అన్నరు కద, మిషిన్ల నడుమ ముందు మూసుకుంటదని," అంది శరణమ్మ. "మూసినంక ఎట్ల నింపుత? అందుకే ముందుగాల నింపిన."

ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. బొంతను చుట్టి, విప్పి, మిషను కింద లాగుతుంటే ఆ గింజలు పొరల మధ్య జారి ఊరంతా తిరిగాయి. సూది వేగంగా దిగి గింజ మీద పడితే తిన్నగా లోపలికి దిగదు. గింజ గుండ్రన, పైగా గట్టి. సూది పక్కకి జారి కింద ఉక్కు ప్లేటుకి కొట్టుకుని విరుగుతుంది. దుప్పటి ముక్కల్లో గింజలెందుకు పెట్టలేదని అడిగితే శరణమ్మ నా వైపు జాలిగా చూసింది. ఎవరూ కప్పుకోని గుడ్డకి కడుపేమిటి?

ఖలీల్ భాయ్ నవ్వాపుకోలేక వసారా మెట్టు మీద కూలబడ్డాడు. "సాబ్, ముప్పై ఏండ్ల సర్వీసుల జొన్నల కంప్లైంట్ ఎన్నడన్న వచ్చిందా?"

రాలేదని ఒప్పుకున్నాను.

అయితే విషయం అక్కడితో తేలలేదు. గింజలు తీసేస్తే మిషను నడుస్తుంది, అందులో అనుమానం లేదు. శరణమ్మ మాత్రం గింజలు లేకుండా వీల్లేదంది. కడుపు నింపని బొంతను తన పేరు చెప్పి ఇంకొకరికి ఇవ్వనంది. ఊళ్ళోనూ క్వార్టర్స్‌లోనూ బొంతలు అడిగేవాళ్ళు ఆమె పేరు చూసే అడుగుతున్నారు. ఆమె కాదంటే సువర్ణ కుట్టిన బొంతలు కొనే దిక్కు లేదు. సువర్ణకి కోపం వచ్చింది.

"క్వార్టర్లోళ్ళు లోపల చూస్తరా అత్తమ్మా? లేకుంటే ఏమైతది?"

"వాళ్ళు చూడరు. బొంతకు ఎరుకే," అంది శరణమ్మ.

ఇది నా పరిధిలో పని కాదు. ఏ సర్వీస్ మాన్యువల్లోనూ దీనికి జవాబు లేదు. నేను నోరు తెరిచి ఏ సలహా చెప్పినా ఆ ఇంటి పట్టింపులో వేలు పెట్టినట్టే. అయినా ఎటు తేలుతుందోనన్న ఆత్రం నన్ను లేవనివ్వలేదు.

ఖలీల్ భాయ్ మెల్లగా లేచి ఆటోలోంచి అట్టపెట్టె తెచ్చి వసారాలో పెట్టాడు. "బేటీ, ఫికర్ చెయ్యకు. ఇయ్యాల దాక టైం ఉన్నది. నీకు మొదలు మనసు పడ్డది గిదే కద. తీస్కో," అన్నాడు.

సువర్ణ ఆ పెట్టె వైపు చాలాసేపు చూసింది. పెట్టె మీద ఆ తెల్ల మిషను బొమ్మ, పువ్వుల కుట్ల బొమ్మలు. తరువాత నల్ల మిషను చక్రం మీద చెయ్యి వేసి అటూ ఇటూ తిప్పింది. ఆ నెల రోజుల్లో అది ఆమె చేతికి అలవాటైంది. అది నాకు కనిపించింది.

"గది గూడ జొన్నల మీద ఇరుగుతది చాచా," అంది. "తీస్కపోన్రి."

నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. ఆమె మటుకు అప్పుడే అత్త వైపు తిరిగింది. బొంత ముందుకి లాగి, నడుమ చెయ్యి పెట్టి అడిగింది, "అత్తమ్మా, నడుమ ఎందుకు నింపుతవ్?"

"ఆఖరుకు మూసేది అదే గదనే."

"మిషిన్ల ఆఖరుకు మూసేది అంచు."

సువర్ణ వదలలేదు. ఏది ఆఖరున మూసుకుంటే అదే కడుపు కదా అంది. బొంతంతా మిషను మీద కుట్టేస్తానని, ఒక అంచున జానెడు మేర తెరిచి ఉంచుతానని, అక్కడ అత్త గింజలు పోస్తే ఆ జానెడూ చేత్తో మూస్తానని చెప్పింది. గింజలు పక్కకి పోకుండా లోపలివైపు ముందే ఒక అడ్డకుట్టు ఉంటుంది. ఆ జానెడు కుట్టుకి తన చెయ్యి తిమ్మిరెక్కదు. ఒకవేళ ఎక్కినా ఓర్చుకుంటుంది. ఆమె చెప్పిన తీరు చూసి, నెల కిందట పువ్వు కుట్టిన గుడ్డముక్క పట్టుకు నిలబడ్డ మనిషేనా అనిపించింది.

శరణమ్మ బొంత అంచు పట్టుకుని వేళ్ళతో తడుముతూ నాలుగు వైపులా తిరిగింది. ఒకచోట ఆగింది. ఇంకోచోట ఆగింది. మేం ముగ్గురం ఆమె చేతినే చూస్తున్నాం. లారీల చప్పుడు కూడా వినపడని ఊరది. నాకు నా గడియారం వినపడింది.

"కాళ్ళ దిక్కు పెట్టొద్దు," అంది చివరికి. "తిండిని కాళ్ళ దిక్కు పెడ్తరా ఎవలన్న? తలదిక్కు పెట్టు."

ఆ పూటే కుట్లు విప్పి గింజలన్నీ ఏరి తీశాం. ఖలీల్ భాయ్ కూడా అద్దాలు పెట్టుకుని నాలుగు గింజలు వెతికి తీశాడు. సువర్ణ మళ్ళీ నడుమ నుంచి మొదలుపెట్టి, పదహారో నంబరు సూదితోనే కుట్టింది. ఒక్కటి కూడా విరగలేదు. వారం తరువాత ఆ బొంత పూర్తయిందని కబురు వస్తే చూడటానికి వెళ్ళాను. తలదిక్కు అంచున మాత్రం కుట్టు చేతికుట్టు, అదీ కొంచెం వంకర. మిగతాదంతా తిన్నని మిషను కుట్టు. ఆ వంకర కుట్టు సువర్ణదా, శరణమ్మదా అని అడిగాను. ఇద్దరిదీ అన్నారు. సువర్ణ వేళ్ళు తిమ్మిరెక్కితే మధ్యలో శరణమ్మ అందుకుందట.

మిషను వెనక్కి రాలేదు. నేను రిటైరయ్యే నాటికి సువర్ణ ఇంట్లో రెండోది కూడా ఉంది. దానికి మోటారు పెట్టించుకుంది. ఆ వేగం అప్పటికి ఆమెకి అదుపులోనే ఉంది.

ఆ తరువాత ఏ విజిట్‌కి వెళ్ళినా నా పద్ధతి మార్చాను. అంతకుముందు పొరల మందం, దారం లావు, కుట్టు మొదలుపెట్టే తీరు చూసి మిషను చెప్పేవాణ్ణి. పని ఎలా మొదలుపెడతారో ఎవరినడిగినా చెప్తారు. ఎలా ముగిస్తారో మాత్రం అడిగితే తప్ప చెప్పరు, ఎందుకంటే వాళ్ళ దృష్టిలో అప్పటికి పని అయిపోయింది, మిగిలింది ఇంటి ఆచారం. సూది విరిగేది అక్కడే. మొదటి మిషను ఎంచిపెట్టమని ఎవరు వచ్చినా ఇప్పటికీ ముందుగా ఒకటే అడుగుతాను: ఆఖరి కుట్టు వేసేముందు మీ ఇంట్లో ఏం చేస్తారు?